నార కట్టిన చెట్లు

నవంబరు రెండు, ఆదివారం, పోయినవాళ్లను తలుచుకునే రోజు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కర్రపెండలం ఆకు దంచి, ఎండు రొయ్యలు వేసి కొబ్బరిపాలలో ఉడికించాం. ఎర్రబియ్యం అన్నం. ఆఖర్న, కుండ అడుగున మాడిన మెతుకుల్లో పోసి కాచిన నీళ్లు. నా భార్య వావీ పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆమె వంతు ఒక గరిటెడు ఆకులో పెట్టి పోయిన పెద్దల చోటైన ఈశాన్యం మూల ఉంచాం. పదేళ్లు దాటినా ఆ భోజనం గుర్తుండడానికి కారణం రుచి కాదు. ఆ రోజు మా చాప మీద కూర్చుని తిన్న ఐదో మనిషి. మనవరాలు ఎప్పుడు అడిగినా నేను ఈ సంగతి అతని దగ్గరే మొదలుపెడతాను.

మిగతా నలుగురం ఇంటివాళ్లం కిందే లెక్క. నేను ఊరి బడిపంతుల్ని. నా ఒక్కగానొక్క కూతురు ఫారా అప్పుడు కడుపుతో ఉంది, ఆరు నెలలు నిండాయి. అల్లుడు లెజాఫి మాతోనే ఉండేవాడు. నాలుగో మనిషి పక్కింటి క్లారిస్ అవ్వ. మా ఏటి ఒడ్డున సగం మందికి బొడ్డు కోసిన మంత్రసాని ఆమె. వావీ పోయిన దగ్గర్నుంచి పండగ పూట మా ఇంట్లోనే తినేది. పిలిచే పని మాకు పెట్టేది కాదు, అదొక మేలు.

ఐదో మనిషి పేరు మిహాజా. పీఠభూమి మీది రాజధాని నుంచి వచ్చాడు. చేతిలో ముద్ర వేసిన కాగితం, భుజాన బట్ట సంచులు, నోట్లో మెత్తని మాట. బెరడుబల్లుల మీద చదువుతున్నానన్నాడు.

"మూడు రోజుల్నించి తిరుగుతున్నాను మాస్టారూ. ఒక్కటి కనబడితే ఒట్టు. మీ అడవిలో ఇంకా ఉన్నాయా, అవి కూడా పట్నం పోయాయా?"

"నీ కంటికి ఆనేదైతే ఇన్నాళ్లు బతికుండేదా నాయనా అది?" అంది క్లారిస్ అవ్వ రొయ్య మీసం పళ్లలోంచి లాగుతూ.

మా వాళ్లు దాన్ని తాహాఫీసాకా అంటారు, పక్కలు అణిగినది అని. నా పుస్తకాల్లో మాత్రం బెరడుబల్లి అనే రాసుకునేవాణ్ణి. జానెడున్నర ఉంటుంది. పగలంతా తల కిందికి పెట్టి చెట్టు మానుకి అతుక్కుని ఉంటుంది. దవడ చుట్టూ, పక్కల పొడుగునా పలచని చర్మం అంచులా వేలాడుతుంది. దాన్ని బెరడు మీద పరిచేసిందంటే నీడ కూడా పడదు. నాచు చెట్టు మీద నాచు రంగు, తెల్లమచ్చల చెట్టు మీద తెల్లమచ్చలు. కంటికి రెప్ప లేదు. దుమ్ము పడితే నాలుక చాపి తుడుచుకుంటుంది. చీకటి పడ్డాకే కదిలి పురుగుల్నీ నత్తల్నీ వెతుక్కుంటుంది. తెల్లవారేసరికి చాలాసార్లు మళ్లీ అదే చెట్టు, అదే ఎత్తు.

మా ఊరికి అదంటే భయం. అది గుండెల మీదికి దూకితే చర్మంలో చర్మం కలిసిపోతుందని, కత్తితో ఆ మేర కోసి తీయాల్సిందేనని, ఆ మనిషి ఏడాది తిరగదని నమ్మకం. చంపడానికీ వీల్లేదు. చంపితే పోయిన పెద్దలకి ఆగ్రహం. అందుకని ఎప్పటినుంచో ఒక పద్ధతి నడుస్తోంది. బల్లి ఉన్న చెట్టుని ఎవరు ముందు చూస్తే వాళ్లు ఆ మానుకి గుండె ఎత్తున ఒక రాఫియా తాటి నార చుట్టి ముడేస్తారు. వెనక వచ్చేవాళ్లు ఆ చెట్టుకి ఒరగరు, బరువు ఆనించరు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు చుట్టు తిరిగి పోతారు. మనిషి భయపడకుండా, బల్లి చావకుండా ఒక్క ముడి. ఎవరు కనిపెట్టారో గానీ, నేను కాలేజీలో చదివిన జీవశాస్త్రం మొత్తంలో అంత దయగల సంగతి తగల్లేదు.

మా వనిల్లా తోటకి పోయే దారిలో అలాంటి చెట్లు పదకొండు. నార కుళ్లినప్పుడల్లా వావీ కొత్తది కట్టేది. ఆమె తర్వాత నేను కట్టాను. ఏ చెట్టు మీద ఏది ఉందో, ఎప్పుడు రంగు మార్చిందో, ఆకుల కింద గుడ్లు ఎప్పుడు పెట్టిందో రాసుకునేవాణ్ణి. గోలీల్లా గుండ్రంగా ఉంటాయి ఆ గుడ్లు, రెండేసి.

ఇంత తెలిసినవాడికి అడిగేవాడు దొరకడం కరువు. మిహాజా అడిగాడు. నాకు నవ్వొచ్చింది, కాస్త గొప్పగానూ అనిపించింది.

"వెతకాల్సింది బల్లిని కాదు బాబూ," అన్నాను. "నారని."

క్లారిస్ అవ్వ నమలడం ఆపి నా వైపు చూసింది. తర్వాత మళ్లీ నమిలింది. అతిథి ముందు ఇంటాయన్ని తప్పుపట్టే మనిషి కాదు.

* * *

మడగాస్కర్‌లో మిగతా చోట్ల వాన కోసం చూస్తారు. మా తూర్పు తీరంలో తెరిపి కోసం చూస్తాం. తెల్లవారుజామున వనిల్లా పువ్వు విచ్చుతుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ లోపల నారింజ ముల్లుతో లోపలి పొర ఎత్తి, పుప్పొడిని కిందికి అదమాలి. దాన్ని పెళ్లి చేయడం అంటాం. ఫారా రోజుకి వెయ్యి పెళ్లిళ్లు చేసేది.

"పెళ్లి పెద్దవి నువ్వు, పొట్ట పెరిగేది తీగకి. మధ్యలో నీకెందుకు వచ్చింది పొట్ట?" అని క్లారిస్ అవ్వ ఏడిపించేది. ఫారా ముల్లు చూపించి గుచ్చుతానని బెదిరించేది.

నవంబరు మూడో వారంలో మొదటిసారి చూశాను. పెద్ద లవంగం చెట్టు దాటాక మూడో మాను. నార ఉంది. బల్లి లేదు. అరచేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు వెతికాను, కన్ను మోసపోయిందేమోనని. మర్నాడూ లేదు. అవి చోటు మారతాయిలే అనుకున్నాను. వారం తిరిగేసరికి ఇంకో రెండు చెట్లు ఖాళీ. ఒక చెట్టు మొదట్లో ఆకులు తిరగేసి ఉన్నాయి. గుడ్లు ఉండాల్సిన చోట రెండు చిన్న గుంటలు, వేలితో తీసినట్టు శుభ్రంగా.

మిహాజా ఊరి చివర అద్దె గదిలో ఉండేవాడు. ఎదురైతే దండం పెట్టేవాడు. "చదువు ఎంతవరకు వచ్చింది బాబూ?" అని అడిగితే, "మీ దయ మాస్టారూ" అనేవాడు. ఆ మాట వినగానే వీపు మీద చన్నీళ్లు పోసినట్టుండేది. ఊరిపెద్దలకి చెప్పొచ్చు. చెబితే, అతనికి నార సంగతి ఎవరు చెప్పారని అడుగుతారు.

డిసెంబరు మొదట్లో లెజాఫి పడవ మీద రేకులు తెచ్చాడు. పన్నెండు కొత్త రేకులు. ఆకు కప్పు తీసేసి రెండు రోజుల్లో వాటిని బిగించాడు. మంచి పనివాడు.

"ఎక్కడివిరా ఇవి?" అన్నాను.

"లవంగాల షావుకారు ఇచ్చాడు మామయ్యా, వచ్చే ఏడు పని చేస్తానని." మేకు పళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడాడు. "పుట్టేవాడి మీద చుక్క పడకూడదు కదా. పోయినేడు తుఫానుకి మనం బల్ల కింద కూర్చున్నది గుర్తుందా?"

గుర్తుంది. ఫారా ఆ రాత్రి నీళ్లు తోడుతూనే తెల్లార్చింది.

రేకుల కింద మొదటి వాన పడినప్పుడు ఫారా చెవులు మూసుకుని నవ్వింది. నాకు మాత్రం ఇంకొకటి కంటబడుతూ వచ్చింది. అడవి నుంచి వచ్చిన లెజాఫి గడప ఎక్కే ముందు ఏటికి దిగేవాడు. మోచేతుల దాకా ఇసకతో రుద్ది, మూడు మునకలేసి వచ్చేవాడు. మట్టి పోవడానికి అంత కడగనక్కర్లేదు. ముట్టకూడనిది ముట్టినవాళ్లు అలా కడుక్కుంటారు.

అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని తెలుసు, అందుకే అడగలేదు.

క్రిస్మస్ నాటికి పదకొండులో ఏడు ఖాళీ. ఆ మర్నాడు వానలో ఒక్కణ్ణే వెళ్లి మిగిలిన నాలుగు చెట్ల నారలు విప్పేశాను. నార లేకపోతే వాళ్లకి దారి లేదు, అంతే కదా అనుకున్నాను. నాలుగోది వాగు మలుపులో పాత చెట్టు. ఆ చెట్టు మీదిది అన్నిట్లోకీ ముసలిది. ఎప్పుడో తోక వదిలేసుకుంది, మళ్లీ సరిగా రాలేదు. వావీ దాన్ని మొండితోక అనేది. ఆ నార ఆమె ఆఖరుసారి కట్టినది. రంగు పోయింది గానీ పీచు గట్టిగానే ఉంది. ముడి వేళ్లకి లొంగక పంటితో విప్పాను.

ఫారాకి చెప్పాలి. ఆమె రోజూ నడిచే దారి. కానీ ఫారాకి చెబితే లెజాఫి వింటాడు. లెజాఫి వింటే మిగిలిన నాలుగూ పోతాయి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఆ నారలు చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను.

* * *

జనవరి ఏడు. తోటలో ఆఖరి పూలు. బడి సెలవులు ఇంకా అయిపోలేదు. నేను అరుగు మీద పలకలు తుడుస్తుంటే పొరుగింటావిడ దారిలో పరిగెత్తి వచ్చింది. నన్ను చూసి ఆగింది, గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. అంతే. నాకు అర్థమైంది.

వాగు మలుపు దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్లు దూరంగా నిలబడి ఉన్నారు. ఫారా చెట్టుకి వీపు ఆనించి నిలబడి ఉంది, రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టి. బుట్ట కింద పడి ఉంది. ఒంటికి చుట్టుకున్న గోధుమరంగు పూలబట్ట మీద, ఎడమ రొమ్ము నుంచి పొట్ట పైభాగం దాకా, మొండితోక. తల కిందికి. అప్పటికే ఆ బట్ట రంగు పట్టుకుంటోంది. తెలియనివాళ్లు చూస్తే మడత అనుకుంటారు.

"నాన్నా," అంది ఫారా పెదవులు కదపకుండా. "కదులుతోందా?"

"లేదమ్మా."

"నార లేదు నాన్నా. చూసే ఆనుకున్నాను. అన్నీ పోయాయంటున్నారు కదా, ఇదీ పోయిందనుకున్నాను."

జేబు బరువెక్కింది.

క్లారిస్ అవ్వ తన బుట్టలోంచి కత్తి తీసింది. బొడ్డు కోసే మంగలి కత్తి, గుడ్డలో చుట్టి ఉంచుతుంది. మొహంలో నెత్తురు లేదు.

"అవ్వా, వద్దు," అన్నాను. "అది కరవదు. అతుక్కోదు. వేళ్లతో పట్టుకుంటుంది, అంతే. చీకటి పడితే దానంతట అదే దిగిపోతుంది."

"చీకటికి ఇంకా నాలుగు గంటలుంది ఫారా నాన్నా. నిండు చూలాలు నాలుగు గంటలు నిలబడుతుందా? నీ పుస్తకం నిలబెడుతుందా?"

ఆమె ఒక అడుగు ముందుకేసింది. బల్లి తల ఎత్తి నోరు తెరిచింది. లోపలంతా నెత్తురు ముద్దలా ఎరుపు. ఒకావిడ ఏడ్చింది. ఫారా కళ్లు మూసుకుంది. ఒక కాలి మీది బరువు రెండో కాలికి మార్చుకుంది. పడితే పొట్ట మీద పడుతుంది. అవ్వ కత్తి దించలేదు. ఆకాశంలో మబ్బు సముద్రం వైపు నుంచి మెల్లగా నిండుతోంది. ఒక్క పిట్ట అరవలేదు.

అప్పుడు అడవి లోపలి దారిలోంచి లెజాఫి వచ్చాడు. నడుముకి తడిసిన బట్ట సంచి. భార్యని చూశాడు. సంచిని నడుము నుంచి విప్పి పొదల్లో పడేశాడు. దోసిట్లో ఉమ్మి, రెండు చేతులూ రుద్దుకుని దగ్గరకి వెళ్లాడు.

"ఊపిరి ఆపకు. మామూలుగా తీసుకో," అన్నాడు ఆమెతో.

ఎడమ చెయ్యి బల్లి కంటి ముందు అడ్డం పెట్టాడు. అది నోరు మూసింది. కుడి చెయ్యి దవడ కిందికి పోనిచ్చాడు. బొటనవేలి గోటితో దాని ముందు కాలి వేలి కొస ఎత్తాడు. కొస నుంచి వెనక్కి, తడిసిన కాగితాన్ని పలక మీంచి ఒలిచినట్టు. ఒక వేలు. రెండో వేలు. ఒక్క పోగు లేవలేదు, ఒక్క గీత పడలేదు. నాలుగు కాళ్లూ అలాగే విడిపించి, పొట్ట కింద అరచెయ్యి పెట్టి ఎత్తి, చెట్టు రెండో వైపుకి తీసుకెళ్లి తల కిందికి పెట్టి ఆనించాడు. అది అంచు పరిచింది. రెప్పపాటు చూశాం. తర్వాత అక్కడ బెరడు తప్ప ఏమీ లేదు.

ఫారా చెట్టు వెంబడే జారి కూర్చుంది. ఆడవాళ్లు చుట్టుముట్టారు. కత్తిని అవ్వ మళ్లీ గుడ్డలో చుట్టింది, ఒక చుట్టు, రెండు చుట్లు. చుడుతూ లెజాఫి చేతులకేసి చూసింది. అందరం చూశాం. అంత నేర్పు ఒక్కనాటితో రాదు.

"ఏటికి పోయి కడుక్కో నాయనా," అంది అవ్వ మెల్లగా. "తొందరేం లేదు. ఇంటికి రానక్కర్లేదు."

లెజాఫి తలూపాడు.

ఫారాని ఇంటికి తెచ్చి పడుకోబెట్టాం. అవ్వ పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంది. లోపల బిడ్డ తన్నింది. "ఉంది, ఉంది," అంది అవ్వ. ఆ మాటకి గదిలో ఊపిరి తిరిగింది. అప్పుడే వాన మొదలై రేకుల మీద దడదడలాడింది. మాటలన్నీ ఆగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరం పైకి చూశాం.

* * *

ముట్టినవాడు బిడ్డ పుట్టి బొడ్డు ఊడేదాకా చూలాలి గడప తొక్కకూడదు. ఆ రేకుల కింద కాన్పు కూడదు. క్లారిస్ అవ్వ ఇది గొంతు పెంచకుండా చెప్పింది. మొగుడి చేతి వాసన పట్టుకుని బల్లి పెళ్లాన్ని వెతుక్కుంటూ వచ్చిందని ఊరంతా అనుకుంది. లెజాఫి ఎదురు చెప్పలేదు. మర్నాడు తనే పైకెక్కి తను కొట్టిన మేకులు తనే పీకాడు. రేకులు వనిల్లా ఎండబెట్టే పాకలో పేర్చి, వాటి పక్కనే చాప వేసుకున్నాడు. తర్వాత రోజూ అరటాకంత వెడల్పుండే రవినాల ఆకు కోసుకొచ్చి మళ్లీ కప్పు నేయడం మొదలుపెట్టాడు. తడి ఆకు, తుఫానుల నెల. సగం కప్పేసరికి వానొచ్చి ఆపేది.

మిహాజా గది మూడో రోజుకే ఖాళీ. వెళ్తూ ఇంటావిడకి దండం పెట్టి మరీ వెళ్లాడట.

లెజాఫికి అన్నం నేను పట్టుకెళ్లేవాణ్ణి. ఒక సాయంత్రం కంచం అందుకుని కింద పెట్టాడు, తినలేదు.

"ఎన్ని?" అన్నాను.

"ఇరవై పైనే. దారిలోవి ఏడు, మిగతావి లోపల. మిహాజా అమ్ముకోడానికి పడవ ఎక్కించేలోపే సగం చచ్చిపోయేవి మామయ్యా, సంచుల్లో. అతను పట్టించుకునేవాడు కాదు. నేను ఆకు తడిపి పెట్టేవాణ్ణి." కంచం మీద వాలిన ఈగని తోలాడు. "ఆ మలుపు చెట్టు నార క్రిస్మస్ ముందురోజు ఉంది. తర్వాత లేదు."

నేను వాన చూస్తున్నాను.

"మీరు విప్పారని నాకు అప్పుడే తెలుసు. ఆ ముసలిదాన్ని కాపాడాలనుకున్నారని కూడా తెలుసు. అందుకే నేనూ దాని జోలికి పోలేదు. అత్తయ్య కట్టిన చెట్టు అది."

"అవ్వకి చెబుతాను."

"వద్దు. ఇప్పటికే నేనొకణ్ణి బయట ఉన్నాను. మీరూ బయటికొస్తే లోపల ఆమెకి ఎవరున్నారు?" కంచం దగ్గరకి లాక్కున్నాడు. "ఉప్పు ఎక్కువైంది. ఫారా వండిందా, మీరా?"

"నేనే."

"తెలుస్తోంది."

నేను చెప్పలేదు. అతను వద్దన్నాడు కాబట్టి అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఊళ్లో నన్ను చూసి అప్పటికీ మాస్టారూ అంటున్నారు. ఆ పిలుపు వదులుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. ఆ మూడు వారాలూ నా కళ్ల ముందే ఊరు మారింది. దారిలో నడిచేవాళ్లు చేత కర్ర పట్టుకుని ప్రతి మానునీ తట్టుకుంటూ పోతున్నారు. నార ఉన్నా తడుతున్నారు, లేకపోయినా తడుతున్నారు. ఒకసారి దారి పక్కన చితికిన బల్లి పిల్ల కనబడింది, చిటికెన వేలంత. మా ఊళ్లో ఎవరూ అంతకుముందు దాన్ని చంపి ఎరగరు. దాన్ని ఆకుతో తీసి మట్టి కప్పాను.

* * *

జనవరి ముప్పై. రేడియో పొద్దుటినుంచి తుఫాను మాటే చెబుతోంది. మధ్యాహ్నానికి ఏరు వెనక్కి పారుతున్నట్టు అనిపించింది, సముద్రం లోపలికి తోస్తుంటే. పశువుల్ని మెట్టకి తోలారు. ఫారాకి నొప్పులు మొదలయ్యాయి.

కప్పు ఈశాన్యం వైపు ఇంకా గజం మేర తెరిచే ఉంది. లెజాఫి వానలో పైకెక్కి రవినాల ఆకులు దొంతర్లుగా పెట్టి తాళ్లతో బిగించాడు. లోపలికి చూడకుండా బిగించాడు. కింద చాప మీద ఫారా ఆ తాళ్ల చప్పుడు వింటూ పడుకుంది. ఒక నొప్పి తగ్గాక పైకి చూసి, "జారతావు, చూసుకో" అంది. "ఊఁ" అని పైనుంచి వినిపించింది. మూడు వారాల్లో వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అదే.

అతను దిగి పాకలోకి పోయాడు. పాకకి మూడు వైపులే గోడ. రేకుల దొంతర మీద రాళ్లు పెట్టి, దాని వెనక ఒదిగి కూర్చున్నాడు. వెలుతురు పసుపుపచ్చగా మారి తగ్గుతోంది. క్లారిస్ అవ్వ నీళ్లు కాచింది, గుడ్డలు పరిచింది, కత్తి కడిగి పక్కన పెట్టింది. నేను గది మూల గోడ పట్టుకుని ఉన్నాను. నొప్పి వచ్చినప్పుడు ఫారా నా చేతి కోసం కాదు, గుమ్మం వైపు చూసేది. మూడుసార్లు చూసింది.

నాలుగోసారి నేను జేబులోంచి నారలు తీసి అవ్వ ముందు చాప మీద పెట్టాను.

"ఏంటివి?"

"దారిలో చెట్లవి. నేనే విప్పాను. ఇది మలుపు చెట్టుది. ఆ బల్లి ఎవరి వాసనా పట్టుకు రాలేదు అవ్వా. దాని చెట్టు మీద అది ఉంది. నా కూతురు నార లేదని ఆనుకుంది. మిహాజాకి నార సంగతి చెప్పిందీ నేనే, ఈ చాప మీదే. నువ్వు విన్నావు."

"విన్నాను," అంది అవ్వ. నారలకేసి చాలాసేపు చూసింది. ఫారా కూడా చూసింది. ఏమీ అనలేదు. ఇన్నేళ్లలో ఇప్పటిదాకా ఒక్కసారీ అనలేదు. అది క్షమో, మరొకటో నాకు తెలియదు.

బయట ఏదో కొమ్మ విరిగిపడింది.

"అయితే," అంది అవ్వ, "బయట ఉండాల్సిన మనిషి లోపలున్నాడన్నమాట."

"అవును."

"ఒకరు బయట ఉండాలి. పద్ధతి పద్ధతే. ఎవరని అది అడగదు."

నేను దుప్పటి తీసుకున్నాను. మొండితోక చెట్టు నార ఒక్కటీ మళ్లీ జేబులో పెట్టుకున్నాను. వంగి ఫారా నుదుటి మీద చెయ్యి వేశాను. ఆమె తల తిప్పుకోలేదు.

పాక దాకా ఇరవై అడుగులు. గాలి నన్ను ఒకసారి కూలేసింది. లెజాఫి లేచి నిలబడ్డాడు.

"లోపలికి పో."

"మామయ్యా, నేను ముట్టింది నిజమే కదా."

"ముట్టావు. పట్టుకోడానికీ ముట్టావు, విడిపించడానికీ ముట్టావు. పో. చేతులు కడుక్కో, అవ్వ ఊరుకోదు."

అతను చూరు కింద ధారలో చేతులు పెట్టి మోచేతుల దాకా రుద్దుకున్నాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. "నేను నీళ్లు చూసుకుంటున్నాను. ఎవరొచ్చారో చూడ్డానికి నాకు తీరిక లేదు." అతను తల వంచుకుని లోపలికి వెళ్లాడు.

నేను రేకుల వెనక కూర్చున్నాను. అడవి వైపు నుంచి అరుపులాంటి శబ్దం ఆగకుండా వస్తోంది. చినుకులు అడ్డంగా కొడుతున్నాయి. ఎదురుగా పాక గుంజ మీద బెరడు ఒకచోట కొంచెం ఉబ్బినట్టు కనబడింది. కర్రకి అంత బెరడు ఉండదే అనుకుని వంగి చూశాను. తల కిందికి, అంచులు గట్టిగా పరుచుకుని, రెప్పలేని కన్ను తెరిచి. చిన్నది. ఎక్కణ్ణుంచి కొట్టుకొచ్చిందో. గాలి దాని పక్కల కింద దూరాలని చూస్తోంది. అది ఇంకా అదుముకుంటోంది.

జేబులోంచి నార తీశాను. వేళ్లు మొద్దుబారాయి. గుంజ చుట్టూ, గుండె ఎత్తున, దాన్ని తగలకుండా చుట్టి ముడేశాను. వావీ వేసినట్టే, రెండు మెలికలు.

తల ఎత్తేసరికి క్లారిస్ అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. వెనక దీపం వెలుగు. నేను కూర్చున్నానా, మీద దుప్పటి ఉందా అని చూస్తోందని అర్థమైంది. చెయ్యి ఎత్తాను. ఆమె తలూపింది. గాలి లాక్కోకుండా తలుపుని రెండు చేతులా పట్టుకుని, లోపలున్నవాళ్లు ఉలిక్కిపడకుండా, మెల్లగా మూసింది.